ప్రొఫెసర్‌కి ఎడమ పక్కన

పోయిన వారం మనం అక్కని టీవీ స్టూడియోలో, నోరు జారిన క్షణంలోనే వదిలేసి వచ్చాం. ఫైనల్ దగ్గర పడిందని ఆ చానెల్ వాళ్ళు బాస్కెట్‌బాల్ తెలిసిన నలుగుర్ని సోఫాల్లో కూర్చోబెట్టి, "మన లీగ్ ఆటగాళ్ళందరిలో ఆట తెలివి ఎవరికి ఎక్కువ?" అని అడిగారు. మిగతా ముగ్గురూ తడుముకోకుండా "ప్రొఫెసర్" అన్నారు. ప్రొఫెసర్ అంటే అక్క సొంత తమ్ముడు. అక్క అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న జట్టులోనే బంతి నడిపించేవాడు. "ఇక మీరు వేరేగా చెప్పేదేముంటుంది లెండి" అని యాంకరమ్మ నవ్వింది. అక్క మైకులోకి స్పష్టంగా, "మా తమ్ముడు మాత్రం కాదు" అంది. "మరెవరండీ?" అని రెట్టించేసరికి ఎవరి పేరూ చెప్పలేకపోయింది.

ఎందుకన్నదో ఆవిడకే తెలీదు. ఈ మధ్య వాడి ఆట చూస్తుంటే చెప్పులో ఇసుక రేణువు పడ్డట్టు ఏదో గుచ్చుకుంటోంది. విప్పి చూస్తే కనపడదు, నడిస్తే మానదు. అడిగారు కాబట్టి అనేసింది. ఇప్పుడు అనుభవిస్తోంది.

తెల్లారిందో లేదో ఫోను మోగడం మొదలైంది. ముందు అమ్మ.

"తోడబుట్టినవాణ్ణి పట్టుకుని నలుగుర్లో అంత మాటంటావా? వాడు నీకేం ద్రోహం చేశాడే?"

"అమ్మా, వాడికి తెలివి లేదన్లేదు. అందరికంటే ఎక్కువ లేదన్నాను."

"రెండూ ఒకటే!"

"ఒకటి కాదమ్మా."

"ఒకటి కాకపోతే ఎవరిదెక్కువో చెప్పు మరి."

అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ముక్కూమొహం తెలియని ఒకాయన ఫోన్ చేసి, ఇంకో జట్టులో 'ముసలాయన' అని పేరుపడ్డ ఆటగాడి గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. ఎదుటివాడి చేత ఫౌల్ చేయించడంలో ఆయన్ని మించినవాడు లేడట, గడియారంలో ఎన్ని సెకన్లున్నాయో తలెత్తి చూడకుండానే చెప్తాడట. అక్క పళ్ళు తోముకుంటూ "ఊఁ, ఊఁ" అని విన్నది. గెస్టురూము వాచ్‌మన్ టీ కప్పు ఇస్తూ, "నేనైతే 'కొంగ' అంటానండీ. ఆ ఎత్తుమనిషి ఎక్కడ నిలబడితే బంతి అక్కడికే వచ్చి పడుతుంది" అన్నాడు. ఊళ్ళో ప్రతివాడి దగ్గరా జవాబుంది, తన దగ్గర తప్ప.

చివరికి మరదలు ఫోన్ చేసింది. ఆ పిల్ల కేకలెయ్యలేదు. అదే అక్కకి ఇంకా కష్టమనిపించింది.

"వదినా, మీరన్న మాట నాకు బాధ కాదు. ఆయన అది టీవీలో చూసి నవ్వి, ముద్ద కలుపుకుని తిన్నారు. ఆయనకి కోపం రావాలి కదా? ఎందుకు రాలేదు?"



అక్క భర్త దగ్గర్నుంచి మాత్రం ఒక్క మెసేజే వచ్చింది. "గీజర్ పాడైంది. మెకానిక్ నంబరెక్కడ పెట్టావు?" ఆయన ఫైనల్లో అవతలి జట్టుకి కోచ్. అందుకే సెమీఫైనల్ గెలిచిన మర్నాడే అక్క పెట్టె సర్దుకుని క్లబ్బు గెస్టురూముకి మారిపోయింది. ఫైనల్ అయ్యేదాకా ఇద్దరి మధ్యా ఆట మాట రాకూడదని ఒప్పందం. దేశమంతా దుమ్మెత్తి పోస్తుంటే ఈయనకి గీజరు! అక్క ఒళ్ళు మండి, నంబరు పంపి, ఫోన్ బ్యాగులో పడేసింది.

ప్రాక్టీసు హాలు తలుపు దగ్గరే పెద్ద కోచ్ కాచుకుని ఉన్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు, అన్నిటికంటే ఎక్కువగా ఫైనల్ భయం.

"ఏమ్మా, నిన్ను టీవీకి పంపింది జట్టు పరువు పెంచడానికా, తియ్యడానికా?"

"సార్, వాడి ఆటలో ఏదో తేడా కొడుతోంది. పోయిన కొన్ని మ్యాచులు చూడండి..."

"చూశాను. గెలిచాం. ఇంకేం చూడాలి? పక్కకి చూడకుండా పాస్ ఇస్తున్నాడు! పిల్లలందరూ వీధుల్లో మెడ తిప్పకుండా బంతులు విసిరి కిటికీలు పగలగొడుతున్నారు. సాయంత్రం ఆ చానెల్ వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. కెమెరా ముందు నుంచుని, 'తమ్ముడే నంబర్ వన్, నేను సరదాకన్నాను' అని చెప్పు. ఇది సలహా కాదు."

"సరదాకి అనలేదు సార్."

"అయితే సరదాగా చెప్పు!" అని ఆయన విసురుగా వెళ్ళబోయి, మోకాలు పట్టేసి, కాసేపు అక్కడే నిలబడి, మెల్లగా వెళ్ళాడు.

అక్క నేరుగా వీడియో గదిలోకి నడిచింది. అది గది కాదు, పాత సామాన్లు పెట్టుకునే కొట్టు. కిటికీ లేదు. ఫ్యాన్ తిరిగితే కంప్యూటర్ మీది కాయితాలెగురుతాయి, ఆపితే ఊపిరాడదు. వీడియోలు చూసే అమ్మాయి ఫ్యాన్‌నీ కాయితాల్నీ సమాధానపరచుకుంటూ కూర్చుని ఉంది. అక్కని చూసి నిన్నటి ప్రోగ్రాం గురించి ఏదో అనబోయింది. అక్క మొహం చూసి తెర వైపు తిరిగింది.

"ప్రొఫెసర్ పాసులన్నీ పెట్టమ్మా. సెమీఫైనల్‌వి."

తెర మీద తమ్ముడు బంతి నేలకి కొడుతూ వచ్చాడు. మొహం తిన్నగా ఉంది. చెయ్యి మాత్రం కదిలింది. బంతి ఎడమ పక్కకి పాములా జారి సరిగ్గా మనిషి చేతిలో పడింది. జనం లేచి నిలబడ్డారు. ఇంకోటి. మళ్ళీ ఎడమకే, మళ్ళీ చూడకుండానే. చూడ్డానికి మహా ముచ్చటగా ఉంది.

అక్కకి ముచ్చటెయ్యలేదు. వాడికి ఈ విద్య నేర్పింది తనే. చూడకుండా ఇవ్వడమంటే నిజంగా చూడకుండా ఇవ్వడం కాదు. అంతకు ముందే ఒకసారి కంటి కొసతో చూసి మనసులో పెట్టుకోవాలి. వాడు చిన్నప్పుడు ఆ దొంగచూపు కోసమే తన చేత మొట్టికాయలు తిన్నాడు. ఇప్పుడా దొంగచూపేది?

"వెనక్కి తిప్పు. ఇంకా వెనక్కి."

లేదు. కుడి పక్కకి ఇచ్చేటప్పుడు ఉంది. ఎడమకి ఇచ్చేటప్పుడు లేనే లేదు.

"మరి మనిషి అక్కడున్నాడని వీడికెలా తెలుస్తోంది?" అని అక్క తనలో తను అనుకున్నది పైకే వినిపించింది.

"ఆయనకి తెలుస్తుందండీ. అందుకే కదా ప్రొఫెసర్" అంది అమ్మాయి గర్వంగా.

"గాడిదగుడ్డు" అంది అక్క. "బంతిని వదిలెయ్. గోడ ఎక్కడున్నాడో చూపించు."

గోడ అంటే వాళ్ళ జట్టులో అందరికంటే పొడవైనవాడు. బాస్కెట్ కింద నిలబడి ఎవర్నీ రానివ్వడు కాబట్టి ఆ పేరు. మంచివాడే, కానీ బుర్ర తక్కువని అందరి లెక్క. నోట్లోంచి మాట లాగాలంటే పట్టకారు కావాలి. ఈ మధ్య ఆ ఉన్న పనీ మానేశాడని జనం గోల. బాస్కెట్ కింద ఉండాల్సినవాడు వచ్చి మైదానం మధ్యలో తచ్చాడుతున్నాడు. పెద్ద కోచ్ తిట్టాడు. పోయిన వారం అక్క కూడా నాలుగు తగిలించింది. దులపరించుకుని మళ్ళీ అక్కడికే వచ్చాడు.

ఇప్పుడు అక్క వాణ్ణి ఒక్కణ్ణే చూసింది. తమ్ముడు కదిలితే వాడు కదిలాడు. తమ్ముడు ఆగితే ఆగాడు. ఎప్పుడు చూసినా తమ్ముడికి ఎడమ పక్కనే. ఆ పక్క నుంచి ఎవడైనా మీదికొస్తే ముందు గోడని గుద్దుకోవాలి. ప్రతి పాసుకీ ముందు గోడ పెదాలు కదులుతున్నాయి. నోరు విప్పని గోడ మ్యాచంతా మాట్లాడుతూనే ఉన్నాడు!

అక్క లేచింది. ఫ్యాన్ కట్టేసి, మళ్ళీ వేసి, అమ్మాయికి ఏమీ చెప్పకుండా బయటికి నడిచింది.

గోడ ఫిజియో గదిలో రెండు మోకాళ్ళ మీదా ఐసు సంచులు పెట్టుకుని, అరటిపండు తింటూ ఓ మూల కూర్చుని ఉన్నాడు. అక్కని చూసి లేవబోయాడు.

"కూర్చో నాయనా. ఒక్కటే అడుగుతాను. నువ్వు మా వాడి ఎడమ పక్కన ఏం చేస్తున్నావు?"

గోడ అరటితొక్కని నాలుగు మడతలు పెట్టాడు. "మాటిచ్చానక్కా."

"ఎవరికి?"

"అది చెప్తే చెప్పేసినట్టే కదక్కా."

అక్కకి అంత చికాకులోనూ నవ్వొచ్చింది. బుర్ర తక్కువ వాడట! "సరే, నువ్వు చెప్పొద్దు. నేను చెప్తాను. తప్పయితే తల అడ్డంగా ఊపు. వాడికి ఎడమ పక్క కనిపించడం లేదు."

గోడ తల ఊపలేదు. మోకాలి మీది సంచి తీసి చూసి, "ఐసు కరిగిపోయిందక్కా" అన్నాడు.

అక్క స్టూలు లాక్కుని కూలబడింది. ఆ తర్వాత గోడ తనంతట తనే మాట్లాడాడు. అవతలి జట్టువాడి మోచెయ్యి తమ్ముడి కంటికి తగిలిన మ్యాచ్ ఉంది కదా, ఆ తర్వాతి ప్రాక్టీసులో గోడ ఎడమ పక్క నుంచి చెయ్యెత్తాడు. రోజూ ఎత్తేదే. ప్రొఫెసర్ చూళ్ళేదు. మళ్ళీ ఎత్తాడు. చూళ్ళేదు. ఊరికే ఒక కేకేశాడు. బంతి వచ్చింది.

"అప్పుడర్థమైందక్కా. రెండ్రోజులు ఆగి అడిగా. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు. చెప్పకపోతే మానె, దెబ్బ తగలకుండా చూడొచ్చు కదా అని అక్కడ నుంచుంటున్నా."

"అందరూ నిన్ను తిడుతుంటే?"

"తిట్టనియ్యండి. మీరు తిట్టినప్పుడు మాత్రం కొంచెం అనిపించింది."

అక్క వాడి భుజం మీద చెయ్యి వేసి లేచింది.

తమ్ముడు హాలు చివర ఒంటరిగా బాస్కెట్‌కి బంతులు వేసుకుంటున్నాడు. మిగతావాళ్ళు స్నానాలకి వెళ్ళారు. అక్క చప్పుడు చెయ్యకుండా వాడి ఎడమ వైపు నుంచి నడిచింది. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. చెయ్యి చాపితే చెవి అందే దూరంలో నిలబడింది. వాడు ఏదో కూనిరాగం తీస్తూ బంతి నేలకి కొడుతున్నాడు. పక్కన మనిషి నిలబడి ఉందన్న ఊసే లేదు. మూడేళ్ళప్పుడు ఎత్తుకు తిప్పిన తమ్ముడు. చెవి వెనక ఆ పుట్టుమచ్చ అలాగే ఉంది.

"ఒరేయ్."

వాడు అదిరిపడ్డాడు. బంతి దొర్లుకుంటూ పోయింది. మరుక్షణం నవ్వు అతికించుకున్నాడు. "టీవీలో పరువు తీసింది చాల్లేదని ఇక్కడికొచ్చి గుండె ఆపుదామనుకున్నావా అక్కా?"

"ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"నా దగ్గర నాటకాలొద్దు. మోచెయ్యి తగిలినప్పట్నుంచేనా?"

వాడు బంతి వైపు చూశాడు. బంతి హాలు గోడకి కొట్టుకుని ఆగింది. తప్పించుకునే దారి లేదని తెలిసినప్పుడు వాడు చిన్నప్పట్నుంచీ చేసేదే చేశాడు. చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"మొదట మెరుపులొచ్చాయి. తర్వాత నలకలు, దోమలెగిరినట్టు. ఇప్పుడు పక్క నుంచి ఎవరో నల్ల కర్టెన్ లాగినట్టుంది. ఎడమ కంట్లోనే. కుడి కన్ను బాగానే ఉంది."

"ఆ కర్టెన్ ఆగిందా, జరుగుతోందా?"

వాడు బంతి తెచ్చుకునేవాడిలా కదలబోయాడు.

"జరుగుతోందా?"

"కొంచెం కొంచెం. నేను చదివానక్కా. కంటి వెనక పొర ఊడుతోంది. ఆపరేషన్ చేస్తారు. మధ్యలోకి రానంతవరకూ ఫర్వాలేదు. రోజూ ఇంట్లో గోడ మీద చుక్క పెట్టుకుని చూసుకుంటున్నా. ఎల్లుండి దాకా రాదు. ఫైనల్ ఆడేసి తిన్నగా ఆస్పత్రికి పోతా. ముందే వెళ్తే ఈ వయసులో మళ్ళీ నన్ను ఎవరాడనిస్తారు? ఇదే ఆఖరు."

అక్క కోపం నషాళానికంటింది. "నువ్వు చూసుకుంటున్నావా? నువ్వేం డాక్టరువిరా? దాంతో కూడా ఒప్పందం చేసుకున్నావా, ఫైనల్ అయ్యాకే ఊడమని? ఆటలో ఇంకో మోచెయ్యి తగిలితే? ఇది తెలివా? ఊరంతా నిన్ను నెత్తినెత్తుకుని ఊరేగుతోందిరా, ప్రొఫెసర్, ప్రొఫెసర్ అని! ప్రొఫెసర్ కాదు, నా మొహం!"

"నువ్వే కదా నేర్పావు, కళ్ళతో కాదు, బుర్రతో ఆడాలని."

"బుర్రతో ఆడమన్నాను, కళ్ళు పోగొట్టుకోమన్లేదు!"

హాలంతా ప్రతిధ్వనించింది. ఎవరో స్నానాల గది తలుపు తెరిచి, మళ్ళీ గబుక్కున మూసుకున్నారు. అక్క గొంతు తగ్గించింది.

"గోడ గురించి ఎప్పుడైనా ఆలోచించావా?"

"వాడు నా స్నేహితుడు. వాడంతట వాడే..."

"వాడంతట వాడే తన ఆట వదులుకున్నాడు. బాస్కెట్ కింద ఉండటం లేదని వచ్చే సీజన్‌కి వాణ్ణి వద్దనుకుంటోంది క్లబ్బు. పోయిన వారం మీటింగులో నేనూ తలూపి వచ్చాను. ఈ విషయం నీకు తెలుసా?"

తమ్ముడి మొహంలో రంగు మారింది. నిజంగా తెలీదు వాడికి. మైదానంలో పదిమందిలో ఎవడు ఎక్కడికి వెళ్తాడో ముందే పసిగట్టేవాడు, పక్కన నిలబడ్డవాడికి ఏం జరుగుతోందో చూసుకోలేదు.

"వాడు నాతో అనలేదక్కా."

"అనడు. నిన్న టీవీలో మరెవరని అడిగితే నాకు నోరు రాలేదు. ఇప్పుడడిగితే చెప్తాను. జట్టుకి ఏం కావాలో చూసి, తన పేరు పోతున్నా అక్కడికెళ్ళి నిలబడ్డవాడు. వాడికున్నది ఆట తెలివి. నీకున్నది గడుసుతనం."

తమ్ముడు మెల్లగా నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు బూటు లేసు విప్పి కట్టి, విప్పి కట్టి చేశాడు. చివరికి తలెత్తకుండానే అన్నాడు.

"ఫైనల్ కోసమని అందరికీ చెప్పుకోవచ్చక్కా. నిజానికి భయం. ఆ డాక్టరు నోరు తెరిచి ఏం చెప్తాడో అని భయం. ఆడుతున్నంతసేపూ అది గుర్తు రాదు. దానికి కూడా చెప్పలేదు. రాత్రి నా పక్కన పడుకున్నప్పుడు దాన్ని కుడి వైపుకి రమ్మంటున్నా. ఎందుకని అడిగితే ఫ్యాన్ గాలన్నాను."

అది అంటే మరదలు. అక్క కోపం ఎటు పోయిందో తెలీలేదు. పోలేదు, అక్కడే ఉంది, దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టింది. గట్టిగానే.

"లే. పద."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. డాక్టరు ఆడమంటే ఆడు, నేనేమీ అనను. వద్దంటే పెద్ద కోచ్‌కి నువ్వే చెప్పాలి, నీ నోటితో. గోడ సంగతి కూడా. ముందు నీ పెళ్ళానికి."

వాడు మారుమాట్లాడకుండా లేచాడు. వాడంత తొందరగా ఒప్పుకోవడం అక్కకి నచ్చలేదు. ఎంత భయపడి ఉంటే అలా ఒప్పుకున్నాడు!

కంటి ఆస్పత్రి ఊరికి అవతలి చివర. ట్రాఫిక్ ఎక్కడికక్కడే నిలిచిపోయింది. ముందున్న లారీ కదలదు, వెనకున్నవాడు హారన్ ఆపడు. అక్క స్టీరింగు మీద చేత్తో చరుస్తూ, కనపడ్డ ప్రతివాణ్ణీ తిడుతోంది. పక్క సీట్లో తమ్ముడు బుద్ధిగా బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా స్టాండులో ఉన్న ఫోన్ మోగింది. అక్క భర్త.

"మళ్ళీ ఆ గీజరే అయ్యుంటుంది" అని విసుక్కుంటూ అక్క స్పీకర్ నొక్కింది. "చెప్పండి. మెకానిక్ రాలేదా?"

"వచ్చాడు, వెళ్ళాడు" అన్నాడాయన. గొంతు మామూలుగా లేదు. "మన ఒప్పందం తప్పుతున్నాను, ఏమనుకోకు. నిన్న టీవీలో నువ్వు 'మా తమ్ముడు కాదు' అన్నావే, అది నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఊరికే నోరు జారే మనిషివి కావు నువ్వు. అందుకని మీ మ్యాచులన్నీ మళ్ళీ చూశాను. వాడి ఎడమ పక్కకి ఏదో అయింది, అవునా?"

అక్క స్టీరింగు చరచడం ఆపేసింది. నిన్నటి ఒక్క మాటతో గుట్టంతా తీసుకెళ్ళి అవతలి కోచ్ చేతిలో పెట్టింది తనే!

"ఫైనల్లో ఇద్దర్ని ఆ పక్కనుంచే మీదికి పంపమని మా వాళ్ళకి ఇప్పుడే చెప్పబోతున్నాను. మామూలు దెబ్బయితే అది ఆట, నేనడగను. మామూలుది కాకపోతే నాకు తెలియాలి. వాడు నాకు బావమరిది కూడా కదా. హలో? ఉన్నావా?"

చెప్పొద్దని తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఫోన్ కట్ చెయ్యడానికి చెయ్యి చాపాడు. ఆ వేళ్ళు ఫోన్‌కి బెత్తెడు దూరంలో, గాలిలో ముడుచుకున్నాయి. మళ్ళీ చాపాడు. మళ్ళీ అందలేదు. పరుగెత్తే మనిషి చేతిలో బంతి పెట్టగలిగినవాడు, కదలకుండా ఉన్న ఫోన్‌ని అందుకోలేకపోయాడు.

వాడు తన చేతిని ఎవరిదో పరాయివాళ్ళ చెయ్యి అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అక్క వైపు పూర్తిగా తిరిగి, అరచేత్తో కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాడు.

"అక్కా" అన్నాడు. ఆ గొంతు మూడేళ్ళ పిల్లాడిది. "నీ మొహం కనిపించట్లేదక్కా."

ముందున్న లారీ కదిలింది. వెనకవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. అక్క కదల్లేదు. స్పీకర్ ఇంకా తెరిచే ఉంది. అవతల ఆవిడ భర్త పక్కన ఉన్న ఎవరితోనో, "ఒక్క నిమిషం, టీమ్‌ని లోపలికి పిలవకండి" అనడం స్పష్టంగా వినిపించింది.